క్లాసు, మిడ్, గడువు పోయినప్పుడు ఏ దారి పట్టాలి, ఎవరిని అడగాలి

హనుమకొండ, వరంగల్ కాలేజీల్లో చదివేవాళ్లలో రోజూ బయటి ఊళ్ల నుంచి వచ్చిపోయేవాళ్లు చాలామంది. మహబూబాబాద్, కేసముద్రం, నెక్కొండ వైపు నుంచి రైల్లో వస్తారు. నర్సంపేట, పరకాల, ములుగు వైపు వాళ్లకు బస్సు పాసే దిక్కు. రైలు గంట లేటైతే మొదటి పీరియడ్ పోయినట్టే. పత్తి ఏరే రోజుల్లో కూలీలు దొరక్కపోతే ఇంట్లో ఆగమంటారు, మిర్చి ఏరేటప్పుడు మళ్లీ అదే కథ. పెళ్లిళ్లు సరేసరి. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి మేడారం జాతర వస్తుంది, ఆ రోజుల్లో ఊరిలో ఉన్నవాడు కాలేజీకి రావడం కష్టమే. 2023 జులై చివరి వానలకు హనుమకొండ కాలనీల్లోకే నీళ్లొచ్చాయి. 2024 సెప్టెంబరు మొదట్లో కేసముద్రం దగ్గర పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి ఆ లైన్లో రైళ్లు ఆగిపోయాయి. కాబట్టి క్లాసు ఎందుకు పోయిందని ఇక్కడ ఎవరినీ నిలదీయను. పోయాక ఉన్న దారుల్లో ఏది మేలో చూద్దాం.

పాఠాలు చెప్పే వైపు నుంచి చూస్తే నాకు మళ్లీ మళ్లీ కనిపించేది ఒకటే. సార్‌తో అయిపోయే పనికి ప్రిన్సిపాల్ గది ముందు నిలబడతారు. యూనివర్సిటీ తప్ప ఎవరూ చేయలేని పనికి సార్‌ను వారం రోజులు బతిమాలుతారు. అసైన్‌మెంట్, రికార్డు, సెమినార్ లాంటివి సబ్జెక్టు సార్ లేదా మేడం చేతిలో ఉంటాయి. మిడ్, అంటే సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్ష, మళ్లీ పెట్టడానికి సార్ ఒక్కరు సరిపోరు, హెచ్‌ఓడీ, ఆపైన ప్రిన్సిపాల్ ఒప్పుకోవాలి. హాజరు శాతంలో సడలింపు కాలేజీ కమిటీ పని. సెమిస్టర్ పరీక్ష తేదీ, పరీక్ష ఫీజు గడువు యూనివర్సిటీ పరీక్షల విభాగానివి, అక్కడ మీ సార్ మాట కూడా చెల్లదు. పైకి పోయేకొద్దీ మాటకు విలువ తగ్గి కాగితానికి విలువ పెరుగుతుంది. కింద చెప్పే ప్రతి ఎంపికా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఒకటి రెండు క్లాసులే పోతే

దీనికి పెద్దగా ఆలోచించే పని లేదు. ఫ్రెండు నోట్సు ఫొటోలు వాట్సాప్‌లో తెప్పించుకోవడం అందరూ చేసేదే, అన్నిటికన్నా తక్కువ ఉపయోగపడేదీ అదే. గ్యాలరీలో పడి ఉంటాయి, పరీక్ష ముందు రోజు వెతుక్కుంటారు. క్లాసులో కూర్చున్న స్నేహితుడితో ఒక్క పావుగంట మాట్లాడితే, సార్ ఏ లెక్క మీద ఎక్కువసేపు ఆగారో, ‘ఇది వస్తది రా’ అని దేని గురించి అన్నారో తెలుస్తుంది. ఫొటోలో ఆ సంగతి ఉండదు. ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీ సార్ల ఆన్‌లైన్ పాఠాలు), యూట్యూబ్ పాఠాలు లెక్కలున్న సబ్జెక్టులకు బాగా పనికొస్తాయి. థియరీ పేపర్లకు మాత్రం సిలబస్ సరిపోలదు, యూనిట్ల వరస వేరుగా ఉంటుంది, రెండు గంటలు చూశాక మనకు కావలసిన రెండు పేజీలు అందులో లేవని తెలుస్తుంది.

ల్యాబ్ సంగతి వేరు. క్లాసు పోతే పాఠం పోతుంది, ల్యాబ్ పోతే ప్రయోగంతో పాటు రికార్డులో సంతకం కూడా పోతుంది. ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, అదే వారంలో ఇంకో బ్యాచ్‌తో కూర్చోవడం. రెండోది, సెమిస్టర్ చివర పోయినవన్నీ కలిపి చేస్తానని అడగడం. మొదటిదే పట్టుకోండి. ఆ వారం పరికరాలు, కెమికల్స్ ఆ ప్రయోగానికే సిద్ధంగా ఉంటాయి కాబట్టి ల్యాబ్ ఇన్‌చార్జ్‌కు మిమ్మల్ని కూర్చోబెట్టడం పెద్ద పని కాదు. ‘రేపు బి బ్యాచ్‌తో చేసుకుంటా మేడం’ అంటే చాలాసార్లు సరే అంటారు. చివరలో అడిగితే మీ ఒక్కరి కోసం అన్నీ మళ్లీ తీయాలి, ల్యాబ్ అసిస్టెంట్ మొహం చూస్తేనే జవాబు అర్థమవుతుంది. చివరికి పక్కవాడి రీడింగులు చూసి రాసుకోవడం ఒక్కటే మిగులుతుంది, ప్రాక్టికల్ పరీక్షలో బయటి నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ సరిగ్గా ఆ ప్రయోగం మీదే అడుగుతారు.

ముందే చెప్పాలా, వచ్చాక చెప్పుకోవాలా

పెళ్లి, జాతర, పొలం పని ముందే తెలిసేవి. వీటికి వచ్చాక చెప్పడం కన్నా ముందు రోజు చెప్పడమే మంచిది, దీనిలో చర్చే లేదు. కానీ పిల్లలు ముందు చెప్పరు, చెబితే వద్దంటారని భయం. నిజానికి సార్‌కు చెబుతున్నది అనుమతి కోసం అయ్యే సందర్భాలు తక్కువ. ‘శుక్రవారం రాను, ఆ రోజు ఇవ్వాల్సిన అసైన్‌మెంట్ గురువారమే ఇస్తా’ అని చెబితే వద్దనడానికి అందులో ఏమీ ఉండదు. మిర్చి ఏరడానికి పోతున్నానని చెప్పడానికి సిగ్గుపడి జ్వరమని చెప్పేవాళ్లు ఉన్నారు. మా స్టాఫ్ రూముల్లో సగం కుర్చీల్లో కూర్చున్నది పొలం ఉన్న ఇళ్లలో పుట్టినవాళ్లే. నిజం చెబితే నొచ్చుకోరు. అబద్ధపు జ్వరం చెబితే, తర్వాత నిజంగా జ్వరం వచ్చినప్పుడు నమ్మకం మిగలదు.

అనుకోకుండా పోయినప్పుడు, అంటే రైలు ఆగినా, ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోయినా, అదే రోజు ఒక మెసేజ్ పెట్టండి. సీఆర్‌తో, అంటే క్లాసు లీడర్‌తో, చెప్పించడం కన్నా మీరే పెట్టడం మేలు. ఎందుకంటే సీఆర్ చెప్పిన పది పేర్లలో మీదొకటి, సార్‌కు గుర్తుండదు. మెసేజ్ ఇట్లా ఉంటే చాలు: ‘నమస్తే సార్, నేను ఫలానా, సెకండియర్ బి సెక్షన్. ఈ రోజు నెక్కొండ దగ్గర రైలు ఆగింది, మీ రెండో పీరియడ్‌కు అందలేదు. ఈ రోజు ఇచ్చిన పని ఏదైనా ఉంటే రేపు మధ్యాహ్నం లోపు ఇస్తాను సార్.’ ఎవరు, ఏమైంది, ఏం చేస్తారు, ఎప్పటిలోపు. క్షమాపణలు పొడుగ్గా రాయకండి. రాత్రి పదకొండుకు ఫోన్ మాత్రం చేయకండి. ఒకవేళ బండి మీద వస్తూ పడిపోయి దవాఖానాలో ఉంటే, మీ బదులు అన్నో అక్కో మెసేజ్ పెట్టినా తప్పులేదు.

హాజరు లెక్క

అందరికీ 75 తెలుసు. దాని కింది లెక్క చాలామందికి తెలియదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లో 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే సరైన కారణం, ఆధారాలు చూపి, ఫీజు కట్టి కండోనేషన్, అంటే హాజరు సడలింపు, తెచ్చుకోవచ్చు. 65 కన్నా తగ్గితే ఆ సెమిస్టర్ డిటెయిన్, అంటే పరీక్ష రాయనివ్వరు. మిగతా కోర్సుల్లోనూ 75 దగ్గరే గీత ఉంటుంది, సడలింపు ఎంత, ఫీజు ఎంత అన్నది మారుతుంది. మీ దగ్గర సబ్జెక్టు వారీగా చూస్తారా, అన్నీ కలిపి చూస్తారా అన్నది ముందు తెలుసుకోండి. కలిపి చూసే చోట ఒక సబ్జెక్టులో పోయింది ఇంకో దాంట్లో పూడుతుంది. విడివిడిగా చూసే చోట పూడదు.

గుర్తు పెట్టుకోవాల్సిన సూత్రం చిన్నదే. 75 శాతానికి ఒక్కో గైర్హాజరుకు మూడు హాజర్లు కావాలి. ఇప్పటికి 60 పీరియడ్లు జరిగాయి, మీరు 36కు వచ్చారనుకుందాం. 24 పోయాయి కాబట్టి 72 హాజర్లు కావాలి, అంటే ఇక నుంచి ఒక్కటీ వదలకుండా 36 రావాలి. సెమిస్టర్‌లో ఇంకా 30 పీరియడ్లే మిగిలుంటే? అన్నిటికీ వచ్చినా 90కి 66, అంటే 73.3 శాతం. ఇప్పుడు మీ ముందున్న దారి మారిపోయింది. 75 అందదు, కానీ 65 పైన నిలబడతారు. ఇక అటెండెన్స్ కోసం సార్ల చుట్టూ తిరిగే టైమును కండోనేషన్‌కు కావలసిన కాగితాలు పోగు చేయడానికి వాడండి. ఈ లెక్క సెమిస్టర్ మధ్యలో వేసుకుంటే పని జరుగుతుంది, చివరి వారంలో వేసుకుంటే టెన్షన్ ఒక్కటే మిగులుతుంది.

‘మేనేజ్ చేస్తారులే’ అన్న సీనియర్ల మాట నమ్మకండి. వాళ్ల బ్యాచ్‌లో రిజిస్టరు పుస్తకంగా ఉండేది, ఇప్పుడు చాలా చోట్ల బయోమెట్రిక్ లేదా యాప్. పైగా ప్రభుత్వం ఈపాస్ సైట్ ద్వారా ఇచ్చే స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా 75 శాతం హాజరుతో ముడిపడి ఉన్నాయి. కండోనేషన్‌తో పరీక్ష రాయగలిగినా స్కాలర్‌షిప్ వైపు ఏమవుతుందో కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్ చూసే క్లర్కును విడిగా అడగండి. ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్, యూనివర్సిటీ ఆటల పోటీలకు పోయినవాళ్లు ఆన్ డ్యూటీ లెటర్‌ను వచ్చిన వారంలోనే ఆఫీసులో ఇచ్చి రిజిస్టరులో వేయించుకోవాలి. బ్యాగులో ఉన్న లెటర్ హాజరు కాదు.

డాక్టర్ కాగితం: ఏది చెల్లుతుంది

కండోనేషన్‌కైనా, మిడ్ రీటెస్ట్‌కైనా చివరికి అడిగేది దవాఖానా కాగితమే. మన ఊళ్లలో జ్వరం రాగానే పోయేది ఆర్‌ఎంపీ, అంటే డాక్టరు డిగ్రీ లేని ఊరి వైద్యుడి దగ్గరికి. సూది వేస్తాడు, తగ్గుతుంది, సంతోషమే. కానీ ఆయన చీటీ కాలేజీలో నడవదు. అందుకే మూడు రోజులు మంచం దిగకపోతే ఊరి దగ్గరి పీహెచ్‌సీకో, టౌనులో ఉంటే బస్తీ దవాఖానాకో, వరంగల్‌లో అయితే ఎంజీఎం సర్కారు దవాఖానాకో ఒక్కసారి పోయి ఓపీ చీటీ తీసుకోండి. ఓపీ చీటీ మీద తేదీ, నంబరు, పేరు ఉంటాయి. తర్వాత ఎవరూ అనుమానించరు. వానాకాలంలో డెంగీ, టైఫాయిడ్ పరీక్షలు చేయించుకుంటే ఆ ల్యాబ్ రిపోర్టు కూడా దాచండి. అడ్మిట్ అయితే డిశ్చార్జ్ సమ్మరీ.

వీటితో పోలిస్తే, సెమిస్టర్ చివర డబ్బులిచ్చి రాయించుకునే మెడికల్ సర్టిఫికెట్ ఎంత అందంగా ఉన్నా బలహీనమైనదే. పదిహేను రోజుల జబ్బు అని ఉంటుంది, మందుల చీటీ ఉండదు, పరీక్షలు ఉండవు, మధ్యలో రెండు రోజులు మీరు క్లాసుకు వచ్చినట్టు రిజిస్టరులో ఉంటుంది. ఒకే లెటర్‌హెడ్ మీద ఒకే క్లాసు నుంచి ఆరు సర్టిఫికెట్లు వస్తే కమిటీలో కూర్చున్నవాళ్లకు కళ్లు లేవా? అది పట్టుబడితే హాజరు సమస్య క్రమశిక్షణ సమస్యగా మారుతుంది, అప్పుడు మంచి కాగితం ఉన్నవాళ్లనూ అనుమానంగా చూస్తారు. నిజంగా కారణం జబ్బు కాకపోతే, ఇంట్లో చావు, పొలం పని, ఉద్యోగం ఏదైతే అది రాసి, తల్లిదండ్రుల సంతకంతో ఇవ్వండి. ఒప్పుకోకపోవచ్చు. అయినా దొంగ సర్టిఫికెట్ కన్నా నష్టం తక్కువ.

మిడ్ పోతే: రీటెస్ట్ అడగాలా, వదిలేయాలా

ఇక్కడ ముందు తెలుసుకోవాల్సింది మీ రెగ్యులేషన్‌లో, అంటే మీ బ్యాచ్‌కు యూనివర్సిటీ పెట్టిన నిబంధనల్లో, రెండు మిడ్‌ల మార్కులు ఎట్లా కలుపుతారన్నది. రెండిట్లో మంచిది తీసుకునే చోట ఒకటి పోతే పెద్ద నష్టం లేదు. సగటు తీసే చోట లెక్క వేరు. ఉదాహరణకు మిడ్ 30కి, అసైన్‌మెంట్ లాంటివి 10కి, సెమిస్టర్ పరీక్ష 60కి అనుకుందాం. మొదటి మిడ్‌లో 24 వచ్చాయి, రెండోది రాయలేదు. సగటు 12. అసైన్‌మెంట్‌కు 8 వేస్తే ఇంటర్నల్ 20. ఇంటర్నల్‌కూ సెమిస్టర్‌కూ విడిగా కనీస మార్కులు పెట్టని చోట, పాస్‌కు మొత్తం 40 కావాలంటే సెమిస్టర్‌లో 60కి 20 చాలు. పాస్‌కు ఢోకా లేదు. అదే రీటెస్ట్ రాసి 16 తెచ్చుకుంటే సగటు 20, ఇంటర్నల్ 28. ఎనిమిది మార్కుల తేడా, గ్రేడు మారిపోయేంత.

మొదటి మిడ్‌లో 8 వచ్చి రెండోది పోయిందనుకోండి. సగటు 4, అసైన్‌మెంట్‌తో 12. ఇప్పుడు సెమిస్టర్‌లో 28 తెచ్చుకోవాలి. లెక్కల సబ్జెక్టు అయితే ఇది మాటలు కాదు. అంటే రీటెస్ట్ అవసరం మంచి మార్కులవాడికి గ్రేడు కోసం, తక్కువ మార్కులవాడికి బతకడం కోసం. విచిత్రంగా అడగడానికి వచ్చేది ఎక్కువగా మొదటివాళ్లే. రెండోవాళ్లు ‘ఏమంటారో’ అని స్టాఫ్ రూము గుమ్మం దగ్గరే వెనక్కి పోతారు. మీరు ఆ రెండోవాళ్లలో ఉంటే తప్పకుండా అడగండి, అదీ మిడ్ మార్కులు అప్‌లోడ్ కాకముందే. మార్కులు యూనివర్సిటీ పోర్టల్‌లో ఎక్కాక సార్ ఇవ్వాలనుకున్నా ఇవ్వలేరు.

పోలీసు, గ్రూప్స్, ఎస్‌ఎస్‌సీ లాంటి ఉద్యోగ పరీక్ష, మిడ్ ఒకే రోజు పడితే నా ఓటు ఉద్యోగ పరీక్షకే. హాల్ టికెట్ కాపీతో ముందే దరఖాస్తు పెట్టినవాళ్లకు రీటెస్ట్ దొరకడం తేలిక. కానీ ఎదురుగా ఉన్నది సెమిస్టర్ పరీక్ష అయితే, ఆ ఉద్యోగానికి మీరు నిజంగా చదివారా, ఊరికే అప్లై చేశారా అని మిమ్మల్ని మీరే అడుక్కోండి. చదవని పరీక్ష కోసం చదివిన పరీక్ష వదులుకున్నవాళ్లను చూశాను.

అసైన్‌మెంట్, రికార్డు, ప్రాజెక్టు

గడువు రేపు, పని సగమే అయింది. సగం ఇవ్వాలా, రెండు రోజులు అడగాలా, పక్కవాడిది దించాలా? దించడం అన్నిటికన్నా చెడ్డది, నీతి సంగతి పక్కన పెట్టినా సరే. యాభై అసైన్‌మెంట్లు దిద్దే మాకు ఒకే తప్పు ఒకే చోట నాలుగు కాగితాల్లో కనిపిస్తే, అసలు రాసినవాడెవరో కూడా తెలియక అందరికీ కోస్తాం.

ఐదు ప్రశ్నల్లో మూడు అయితే ఆ మూడే ఇవ్వండి. చేతిరాత అసైన్‌మెంట్‌కు మార్కులే తక్కువ, ఆలస్యానికి కోత పెట్టే సార్ దగ్గర పూర్తిగా రాసి లేటుగా ఇచ్చిన దానికీ, టైముకు సగం ఇచ్చిన దానికీ పెద్ద తేడా రాదు. రికార్డుకు మాత్రం ఇది పనికిరాదు. సగం రికార్డు అంటే లేనట్టే, అక్కడ గడువు అడగడమే దారి, అదీ గడువు రోజుకు ముందే. ప్రాజెక్టు రివ్యూ అయితే ఏమీ లేకపోయినా గైడ్ ముందుకు పోవాలి. కోడ్ నడవకపోతే ఎక్కడ ఆగిందో చెప్పండి. రివ్యూకు రాని టీమ్ గైడ్‌కు గుర్తుండిపోతుంది, చివరి వైవాలో ఆయనే పక్కన కూర్చుంటారు.

సెమిస్టర్ పరీక్ష: జ్వరంతో రాయాలా, సప్లిమెంటరీకి వదలాలా

అన్నిటికన్నా బరువైన నిర్ణయం ఇదే, ఎక్కువగా తప్పేదీ ఇక్కడే. ‘సగం ప్రిపరేషన్‌తో రాసి తక్కువ మార్కులు తెచ్చుకునే బదులు సప్లీలో బాగా రాస్తా’ అన్న మాట హాస్టళ్లలో ప్రతి సెమిస్టర్‌లో వినిపిస్తుంది. వినడానికి బాగుంటుంది. కానీ సప్లిమెంటరీ వచ్చే రోజుకు తర్వాతి సెమిస్టర్ సబ్జెక్టులు కూడా మీద ఉంటాయి. ఒక్క పేపరు కోసం మళ్లీ ఫీజు, మళ్లీ హాల్ టికెట్, రిజల్ట్ కోసం మళ్లీ ఎదురుచూపు. క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో ‘యాక్టివ్ బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు’, అంటే ఇంకా పాస్ కాని పేపర్లు ఉండకూడదన్న షరతు పెట్టే కంపెనీలు ఎక్కువ. కొన్ని చోట్ల డిస్టింక్షన్, గోల్డ్ మెడల్‌కు ఒకేసారి పాసవ్వాలన్న నిబంధన ఉంటుంది. రాసి తప్పితే రీవాల్యుయేషన్ అన్న దారి ఒకటి మిగులుతుంది. రాయకపోతే అదీ లేదు.

కాబట్టి కూర్చోగలిగితే రాయండి. మందు వేసుకుని, ముందు వచ్చినవి రాసి, పాస్ మార్కులకు సరిపడా అయ్యాక మిగతావి చూడండి. అమ్మవారు పోస్తే పరీక్ష కేంద్రానికి ముందే ఫోన్ చేసి చెప్పండి, చాలా చోట్ల విడిగా గది ఇస్తారు. బస్సు లేటైతే ఇంటికి తిరిగి పోకండి. యూనివర్సిటీ పరీక్షల్లో సాధారణంగా మొదటి అరగంట లోపు వస్తే లోనికి పంపుతారు, అయినా మీ హాల్ టికెట్ మీద ఉన్న సూచన చదివి పెట్టుకోండి. ఇంటర్మీడియట్‌లో నిమిషం ఆలస్యమన్న భయం ఇంకా మనసులో ఉండి, గేటు దాకా కూడా పోకుండా వెనక్కి మళ్లేవాళ్లుంటారు.

వదిలేయడమే సరైన సందర్భాలూ ఉన్నాయి. ప్లేట్‌లెట్లు పడిపోయి డాక్టర్ కదలవద్దన్నప్పుడు, ఇంట్లో చావు జరిగిన రోజున, ఆపరేషన్ అయినప్పుడు. అప్పుడు ఒక్క పేపరు గురించి ఇంట్లో ఎవరూ మిమ్మల్ని తొందర పెట్టకూడదు, మీరూ పెట్టుకోకూడదు. ఆ పేపరు వదిలి మిగతావి కాపాడుకోండి. ఒక పేపరు పోయిందని బాధతో తర్వాతి రెండూ చదవకుండా పోగొట్టుకోవడం మాత్రం జరగనివ్వకండి.

వరదో, బందో వచ్చినప్పుడు యూనివర్సిటీయే పరీక్ష వాయిదా వేస్తుంది. ఆ వార్త వాట్సాప్ గ్రూపుల్లో ముందు రోజు రాత్రే పుడుతుంది, సగంసార్లు పాతదో, వేరే యూనివర్సిటీదో అయి ఉంటుంది. అధికారిక వెబ్‌సైట్‌లో సర్క్యులర్ కనిపించేదాకా పరీక్ష ఉన్నట్టే లెక్క. వానకు దారి తెగే ఊరైతే పరీక్ష ముందు రాత్రి హనుమకొండలో ఎవరి రూములోనైనా పడుకోవడం ఉత్తమం.

ఇక పరీక్ష ఫీజు గడువు. చదివి, హాజరుండి, కాగితాలన్నీ ఉండి, ఫీజు కట్టక హాల్ టికెట్ రానివాళ్లు ఏటా ఉంటారు. లేట్ ఫీజు లేకుండా ఒక తేదీ, లేట్ ఫీజుతో ఇంకో తేదీ, పెద్ద మొత్తంతో చివరి తేదీ ఇస్తారు. ఆ మూడోది దాటాక ఎవరి రికమెండేషనూ పనిచేయదు. ఇంట్లో డబ్బులు ఆలస్యమైతే అప్పు చేసైనా మొదటి తేదీలోపే కట్టండి, లేట్ ఫీజు కన్నా స్నేహితుడి దగ్గర తెచ్చిన చేబదులు చవక. బ్యాక్‌లాగ్ పేపర్ల ఫీజు విడిగా కట్టాలి, రెగ్యులర్‌తో కలిసిపోయిందనుకుని వదిలేస్తుంటారు. కట్టాక రసీదులో సబ్జెక్టు కోడ్లు ఒక్కొక్కటీ సరిచూసుకుని, తప్పుంటే అదే రోజు ఎగ్జామ్ సెక్షన్ కౌంటర్ మూసేలోపు వెళ్లండి.